వెంకటసామి సంతకం మీద నా కుంచె

పోయిన నెల ఒక మధ్యాహ్నం, అన్నాలయ్యాక నేను వంటిల్లు సర్దుకుంటూ ఉంటే మదురై నుంచి ఒకామె ఫోన్ చేసింది. పేరు విజయలక్ష్మి అని, అక్కడ తమకు ఇత్తడి పాత్రల అంగడి ఉందని చెప్పింది. వాళ్ల బంధువు ఒకాయన పెళ్లి పత్రిక ఇవ్వడానికి కోయంబత్తూరు వచ్చి, మా హాలు గోడ మీద పాత ఫుట్‌బాల్ ఫొటోలు చూశాడట. వాటిలో గోల్‌పోస్టు ముందు నిలబడి ఉన్న మనిషి ఈమె తండ్రేనని, కింద ఆ తండ్రి సంతకం కూడా ఉందని ఆ బంధువు వెళ్లి చెప్పాడట.

"మా నాయన పోయినప్పుడు నేను ఉయ్యాల్లో ఉండాను అక్కా. పడాలు రెండు మూడు ఉండాయి మా దగ్గర. ఆయన చేత్తో రాసింది మాత్రం ఒక్క అక్షరం లేదు. ఆ కైయెళుత్తు ఒక్కసారి చూసి పోతాను. ఇమ్మని అడగను," అంది.

పడం అంటే ఫొటో, కైయెళుత్తు అంటే సంతకం. మా వాళ్ల తెలుగు ఇట్లాగే ఉంటుంది. ఎన్ని వందల ఏళ్ల క్రితమో ఇటు వచ్చేసినవాళ్లం, బడిలో చదివింది తమిళం. నాకు తెలుగు రాయడం వచ్చిందంటే పెళ్లయ్యాక చిత్తూరులో ముప్పయ్యేళ్లు కాపురం చేయబట్టి. సరే, ఆదివారం రమ్మని చెప్పి ఫోన్ పెట్టేశాను. పెట్టేసి, తడి చేతులతోనే వంటింటి పీట మీద కూర్చుండిపోయాను. ఆ ఫొటో మీద ఇప్పుడు కనిపిస్తున్న సంతకం గీసింది నేను.

మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు రంగసామి, మా పుట్టింట్లోనే నా దగ్గర ఉంటాడు. ఎనభై ఏడేళ్లు. పెళ్లి చేసుకోలేదు. చూపు దాదాపు పోయింది గానీ నాలుకకు ఏ లోటూ లేదు. కాఫీలో డికాషను ఒక చెంచా తగ్గితే ఆ సంగతి వీధి చివరి ఇంటిదాకా వినిపిస్తుంది. మదురై నుంచి అప్పటి గోల్‌కీపరు గోలీ వెంకటసామి కూతురు వస్తోందని చెప్పగానే వాలుకుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "చూస్తివా పాపా. ఈ పడాలు ఎవరికి పనికొస్తాయని నవ్వినారు అందరూ. ఇప్పుడు వెతుక్కుంటా వస్తా ఉండారు," అన్నాడు. అరవై ఐదేళ్ల దాన్ని ఇంకా పాపా అని పిలిచేవాడు ఈ లోకంలో ఆయన ఒక్కడే. ఆ ముఖం చూసి నేను నోరు విప్పలేకపోయాను.

అప్పట్లో మా ఇంటి వెనకే మా పంపుల పట్టరై ఉండేది. పట్టరై అంటే చిన్న వర్క్‌షాపు. తాత మొదలుపెట్టాడు, నాయనా చిన్నాయనా నడిపారు. తెల్లవారేసరికి మా అవ్వ మట్టి మూకుట్లో కాఫీ గింజలు వేయించేది. ఆ వాసనలోకి వెనకనుంచి లేత్ మిషను నూనె వాసన, కోసిన ఇనుప రజను వాసన వచ్చి కలిసేవి. మా నాయన చొక్కాలను ఎన్నిసార్లు ఉతికినా ఆ నూనె వాసన పోయేది కాదు. ఇప్పటికీ ఎక్కడైనా సైకిల్ రిపేరు కొట్టు ముందు నిలబడితే నాకు కాఫీ తాగాలనిపిస్తుంది. మా అవ్వ పొడుగ్గా, ఎండుకట్టె మాదిరి ఉండేది, ఎప్పుడూ ఎవరినో ఒకరిని తిడుతూనే ఉండేది. తిట్టని రోజున ఇంట్లో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లం, ఒంట్లో బాగోలేదేమోనని.

చిన్నాయనకు పంపులు అన్నం పెట్టాయి గానీ ప్రాణమంతా ఫుట్‌బాల్ మీదే ఉండేది. తను ఆడలేదు, ఆడటం రాదు. ఒకసారి ఆడబోయి మడమ విరగ్గొట్టుకుంటే అవ్వ మూడు నెలలు ఆయనకు వెల్లుల్లి రసం పోసింది, తిట్లతో కలిపి. టోర్నమెంటు అంటే మటుకు, అది మా ఊళ్లోనే కానీ, దిండిగల్‌లో కానీ, మదురైలో కానీ, చిన్నాయన కాలు ఒకచోట నిలిచేది కాదు. ఆటకు ముందు స్టూడియో ఆయన మూడు కాళ్ల కెమెరా పెట్టి జట్లకూ ఆటగాళ్లకూ ఫొటోలు తీసేవాడు. మర్నాడు పొద్దున స్టూడియో తలుపు తీసేలోపు చిన్నాయన అక్కడ ఉండేవాడు. ఫొటోలో మనిషి తలనుంచి కాలిదాకా కనిపించాలి, బంతి కూడా కనిపించాలి. తర్వాత ఆటగాళ్లు దిగిన సత్రానికో మైదానానికో వెళ్లి సంతకం చేయించుకునేవాడు. గెలిచినవాళ్ల వెంట జనం పడుతుంటే ఆయన ఓడినవాళ్ల దగ్గరికి వెళ్లేవాడు. "గెలిచినోడు ఎవరికైనా సైన్ పెడతాడు. ఓడిపోయినోడిని అడిగితే వాడు నన్ను గుర్తు పెట్టుకుంటాడు," అనేవాడు. రెఫరీని బూతులు తిట్టిన ఒక సెంటర్ ఫార్వర్డు ఫొటో మా ఇంట్లో సంతకం లేకుండా మూడేళ్లు వేలాడింది. కొని తెచ్చాడు, ఫ్రేము కట్టించాడు, సంతకం మాత్రం అడగనన్నాడు. వాడికి అదే శిక్షట. ఆ శిక్ష సంగతి పాపం వాడికి తెలియనే తెలియదు.

అట్లా హాలు గోడల మీద దేవుళ్లు, వాళ్ల పక్కన మా ముత్తాతలు, ఆ పక్కన చెడ్డీలు వేసుకున్న నలభై యాభై మంది ఆటగాళ్లు చేరారు. అవ్వ మొదట్లో సణిగింది. తర్వాత తర్వాత శుక్రవారం దేవుడి పటాలకు పూలు పెడుతూ మిగిలినవి వాళ్లలో తనకు నచ్చినవాళ్లకు పెట్టేది. అవ్వకు నచ్చడానికి ఆటతో సంబంధం లేదు. ముఖం చూసి, ఈ పిల్లోడు సరిగ్గా తినేటట్టు లేడు అని జాలి పడితే వాడికి ఒక సన్నజాజి దక్కేది.

అవ్వ మనసారా పువ్వు పెట్టింది మాత్రం వెంకటసామికే. మదురై జట్టు గోలీ ఆయన. మా ఊళ్లో ఫైనల్ ఆడి ఓడిపోయిన సాయంకాలం చిన్నాయన ఆయన్ని మా ఇంటికి భోజనానికి తీసుకొచ్చాడు. నాకు అప్పుడు పదేళ్లు. అంత పెద్ద చేతులు నేను అంతకు ముందు చూడలేదు. అవ్వ తమిళంలో ఏ ఊరని అడిగితే ఆయన తెలుగులో జవాబిచ్చాడు. వాళ్లదీ మా మాదిరి తెలుగు ఇల్లే, తిరుమంగళం దగ్గరనుంచి మదురై చేరినవాళ్లు. అంతే, అవ్వ ఉలవచారు గిన్నె, నెయ్యి గిన్నె రెండూ ఆయన ఆకు పక్కనే పెట్టేసి ఎదురుగా కూర్చుంది. ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నాడు, నోట పెట్టలేదు. చివరికి, "నా చేతిలోంచే జారిపోయింది అవ్వా," అన్నాడు.

"జారితే జారిపోనీ. నువ్వు తిను," అంది అవ్వ.

ఆయన తిన్నాడు. మూడుసార్లు అడిగి వేయించుకున్నాడు. తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ నా వైపు చూసి, నీ పెన్సిల్ బాగా చెక్కి ఉంది, ఎవరు చెక్కారు అని అడిగాడు. నేనే అన్నాను. ఆయనతో నాకున్న పరిచయం అంతే. రెండేళ్ల తర్వాత కామెర్లతో పోయాడని తెలిసింది. చంటిపిల్ల ఉందని కూడా ఎవరో చెప్పారు. చిన్నాయన రెండు రోజులు పట్టరైకి వెళ్లలేదు.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఆయుధపూజకు పది రోజుల ముందే మిషన్లన్నీ కడిగి, తుడిచి, రంగులు వేసేవాళ్లు. అక్షరం ఉన్న ప్రతి వస్తువుకూ మళ్లీ అక్షరం దిద్దాల్సిందే. పట్టరై బోర్డు, పంపుల మీది పేర్లు, ట్రంకు పెట్టెల మీది పేర్లు, వంటింట్లో పప్పు డబ్బాలమీద రాసిన మాటలు కూడా. వెలిసిపోయిన అక్షరాన్ని సరస్వతి ముందు పెట్టడం అవమానమని అవ్వ నమ్మకం. అవ్వకు చదువు రాదు. రానందుకేనేమో అక్షరమంటే అంత భయభక్తులు. ఇంట్లో నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని నాకు తొమ్మిదేళ్లు వచ్చినప్పుడే ఉడుత వెంట్రుకల కుంచె చేతికిచ్చారు. అప్పట్నుంచి పెళ్లయ్యేదాకా ఆ పది రోజులూ నేను టర్పెంటైన్ వాసనలోనే బతికాను. తలంటుకున్నా పోయేది కాదు. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది.

ఫొటోల మీద సంతకాలు ఎండకు వెలిసిపోతున్నాయని గమనించింది చిన్నాయనే. బాల్‌పెన్ను నీలం రెండేళ్లకే లేత ఊదా అయిపోయేది. "పాపా, వీటిని కూడా దిద్దేయి. లేకుంటే పోతాయి," అన్నాడు. అదొక ప్రేమ. ఎవరికీ తప్పు అనిపించలేదు. మా పద్ధతి ప్రకారం పాతదాన్ని టర్పెంటైన్ గుడ్డతో తుడిచి, ఆనవాలు ఉండగానే దాని మీద నల్ల ఎనామిల్‌తో కొత్తది వేయాలి. నేను ఫ్రేములోంచి తీసి దిద్దేదాన్ని, చిన్నాయన పక్కన కూర్చుని ఆ ఆటగాడి కథ చెప్పేవాడు. పదింటికి మొదలుపెడితే బొరుగులూ ఉడికించిన శనగల సుండలూ తింటూ సాయంకాలం దాకా సాగేది. నా బాల్యంలో అంత సుఖమైన రోజులు వేరే లేవు. మా నాయన ఒక్క రోజు కూడా నా పక్కన అంతసేపు కూర్చోలేదు. ఆయన్ని తప్పు పట్టడం లేదు, ఆయనకు తీరేది కాదు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పదిహేనేళ్లు వచ్చేసరికి నాకు తలపొగరు ఎక్కింది. ఏ అక్షరం వంకరగా ఉన్నా సహించలేకపోయేదాన్ని. వెంకటసామి సంతకం తమిళంలో, కుడివైపుకు పడిపోతున్నట్టు ఉండేది. చివరి గీత పైకి లేచి చటుక్కున ఆగిపోయేది. ఒక ఆయుధపూజకు దాన్ని నిటారుగా నిలబెట్టాను. మరుసటేడు చివరి గీతను చక్కగా గుండ్రంగా చుట్టాను. చిన్నాయన చూసి, "శానా బాగుండాది, అచ్చం బోర్డు మాదిరి," అన్నాడు. ఆయన నోట బోర్డు మాదిరి అంటే అంతకు మించిన మెప్పు లేదు. ఆ రోజు నేను నేల మీద నడవలేదు.

ఆదివారం విజయలక్ష్మి వచ్చింది. యాభై దాటిన మనిషి, తండ్రి ఎత్తు, తండ్రి భుజాలు. చేతిలో ఒక ఇత్తడి చెంబు, మాకు కానుకగా. మాట నెమ్మది. కాఫీ తాగమంటే ముందు పడం చూస్తానంది. ఫొటో ముందు నిలబడి, ఫోన్ బయటికి తీసి మళ్లీ సంచిలో పెట్టేసుకుంది. ఇప్పటి వాళ్లం మనం, అన్నం ముద్దను కూడా ఫొటో తీసుకుంటాం, పదివేల ఫొటోలు జేబులో పెట్టుకుని తిరుగుతాం, ఏదీ వెలిసిపోదు, దేన్నీ దిద్దనక్కర్లేదు. ఆ మనిషి మాత్రం చూపుడు వేలు గాలిలో కదుపుతూ ఆ సంతకాన్ని రాసుకుంటోంది, పలక మీద దిద్దే పిల్లలా.

"ఎంత అందంగా రాసేవాడు మా నాయన. చివర ఈ చుట్టు చూడండి అక్కా, ఎంత ఓపిక ఉండాలి దీనికి. కోపిష్టి అని చెప్పేది అమ్మ. కోపిష్టి ఇట్ల రాస్తాడా?" అంది.

"పాత్రల మీద పేర్లు కొట్టిస్తాము కదా మా అంగట్లో," అంది మళ్లీ. "ఆయన పేరు ఇదే మాదిరి కొట్టించి మా ఇంట్లో పాత్రలన్నిటి మీద పెట్టుకుంటాను. దీన్ని ఒక కాగితం మీద ఎత్తి రాసుకోవచ్చునా అయ్యా?"

చిన్నాయన తల గర్వంగా ఊపుతున్నాడు. చెప్పకుండా ఊరుకుందామనే మూడు రోజులుగా అనుకుంటున్నాను. ఎవరికి తెలుస్తుంది, ఈ ముసలాయన మనసెందుకు విరగ్గొట్టాలి, ఆ పిల్ల సంతోషంగా వెళ్లిపోతుంది కదా అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. కానీ నా చేతి చుట్టును తండ్రి ఓపిక అనుకుని ఆమె ఇత్తడి మీద చెక్కించుకుంటుంటే, చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు.

"అమ్మా విజయలక్ష్మీ, అది నేను గీసింది," అన్నాను. తర్వాత ఆగకుండా అంతా చెప్పేశాను. ఆయుధపూజ, టర్పెంటైన్ గుడ్డ, కుంచె, నిటారుగా నిలబెట్టడం, చివరి చుట్టు. ఏదీ దాచుకోలేదు.

ఆమె గాలిలో ఆడిస్తున్న వేలు దించేసింది. నన్ను నాలుగు తిట్టి ఉంటే హాయిగా ఉండేది. "అయితే దీంట్లో మా నాయనది ఏమీ లేదా అక్కా?" అని మాత్రం అడిగింది.

చిన్నాయన ముఖం నా వైపు తిప్పాడు. కనిపించదని తెలిసినా ఆ చూపు నన్ను కాల్చింది. "మనం కాపాడినామనుకుంటిమే పాపా," అన్నాడు. ఆ మాట పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు. గోడ మీదున్న వాళ్లందరినీ ఒక్కసారిగా పోగొట్టుకున్నవాడిలా కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాడు. నలభై యాభై మంది. అన్నిటి మీదా నా కుంచే. ఆయన దిద్దమన్నాడు, నేను దిద్దాను, ఇద్దరం కలిసి తుడిచేశాం. నాకు ఏడుపు వచ్చింది. ఏడ్చాను కూడా, సిగ్గేమిటి.

నా ఏడుపు ఆగాక చిన్నాయన చెయ్యి చాచి, "దాన్ని దింపి విప్పు. నా చేతికియ్యి," అన్నాడు. ఎందుకో అడగలేదు. వెనక మేకులు వంచి, అట్ట తీసి, ఫొటోను ఆయన చేతుల్లో పెట్టాను. ముందువైపు బొటనవేలితో తడిమాడు. "రంగు మందంగా ఉండాది. ఎన్ని పూతలు వేస్తివి?" అన్నాడు, మిషను మీద పని చూసి తప్పు పట్టే గొంతుతో. తర్వాత ఫొటోను తిప్పాడు. వెనకవైపు మెల్లగా వేలు జరుపుతూ పోయి, ఒకచోట ఆగాడు. పట్టరైలో పంపు ఇరుసు మీద వెంట్రుకంత గీత ఉన్నా ఆయన వేలికి దొరికేది. కొలత పరికరం తీసేది ఆ తర్వాతే, తను చెప్పింది నిజమని పనివాళ్లకు చూపించడానికి.

"ఇక్కడ ఉండాది," అన్నాడు.

నేను వంగి చూశాను. పసుపుపచ్చబడిన తెల్ల కాగితం, ఏమీ కనిపించలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఏటవాలుగా పట్టుకుంటే, సన్నని గట్టులా లేచి ఉన్న గీతలు ఎండకు తెలిశాయి. తలకిందులుగా కాదు గానీ అద్దంలో చూసినట్టు తిరగబడి, ఒక పక్కకు పడిపోతూ ఉన్నాయి. చివరి గీత పైకి లేచి చటుక్కున ఆగిపోయింది. అది నా చుట్టు కాదు. నా కుంచె కాగితాన్ని నిమిరిందే గానీ ఎన్నడూ నొక్కలేదు.

"నా స్కూటర్ సీటు మీద పెట్టి రాసినాడు," అన్నాడు చిన్నాయన. ఆయన గొంతు మళ్లీ మామూలుగా, ఊరంతా వినపడేలా వచ్చింది. "మైదానం బయట, ముందు ఆటకు తీసిన పడం మీద. ఓడిపోయిన కోపం మీద ఉండాడు. మెత్తటి సీటు, పైన బాల్‌పెన్ను. పడం చినిగిపోతుందేమో అని నాకు భయం. మెల్లగా రాయప్పా అంటిని. వింటే కదా."

విజయలక్ష్మిని కుర్చీలో కూర్చోబెట్టి, ఫొటోను వెనక్కి తిప్పి ఒళ్లో పెట్టాము. చిన్నాయన ఆమె వేలు పట్టుకుని గీత మొదలున్న చోట ఉంచాడు. తిరగబడిన రాత కాబట్టి కుడినుంచి ఎడమకు పోవాలని చెప్పాడు. ఆమె కళ్లు మూసుకుని ఒకసారి వెళ్లింది. మళ్లీ మొదటికి వచ్చి ఇంకోసారి వెళ్లింది. చివరి గీత ఆగిపోయే చోట ఆ గీతకు తగ్గట్టే ఆమె వేలు కూడా ఆగింది. కాగితం అక్కడ దాదాపు చిల్లు పడినంత పని అయి ఉంది.

"ఇంత ఒత్తి రాసేవాడా," అంది.

వేలు అక్కడే ఉంచి, కళ్లు తెరవకుండానే, "నా కూతురు కూడా ఇట్లే రాస్తుంది అక్కా. నోట్‌బుక్కులో వెనక పేజీ చినిగిపోయేటట్టు ఒత్తి. చిన్నప్పట్నుంచి తిడతానే ఉండాను నేను," అంది.